మా లక్ష్మి వెనక ఉన్న రాజు

ఐర్లాండు వెళ్ళొచ్చానంటే మా వీధిలో అందరూ అడిగిన మొదటి మాట, "అది లండన్‌లో ఏ పక్క?" అని. రెండో మాట, "మరి ఏం తెచ్చినవ్?" అని. మొదటిదానికి ఒళ్ళుమండి నేను జవాబు చెప్పలేదు. రెండోదానికి చెప్పాలంటే ప్రయాణమంతా చెప్పాలి. ఎందుకంటే ఈ ప్రయాణంలో తెచ్చినదానికన్నా తీసుకెళ్ళిందే ముఖ్యం.

నేను తీసుకెళ్ళింది మా అమ్మ పూజించిన లక్ష్మిని. రూపాయి బిళ్ళకన్నా చిన్నదైన వెండి బిళ్ళ. కృష్ణ ఒడ్డున మా పూర్వీకుల చెలకలో నాగలికి తగిలిందట. కంసాలి దాన్ని ఒక చిన్న వెండి పీటలో లక్కపోసి బిగించాడు. పైకి కనిపించేది ఒక్క పక్కే. కుర్చీలో కూర్చున్న ఆడమనిషి, చేతిలో ఒక కొమ్మ. ఆ బొమ్మ కూడా అరిగి ఇప్పుడు ఆనవాలే. కొమ్మని తామర అనుకున్నాం, ఆమెని లక్ష్మి అనుకున్నాం. రెండో పక్క ఏముందో ఆ తర్వాత ఎవరూ చూడలేదు. దేవతని బోర్లించి చూసే అలవాటు మా ఇంట్లో లేదు.

అమ్మ పోయేముందు నా చేతిలో పెట్టి, "రమ ఇల్లు కొనుక్కున్ననాడు దానికియ్యి. అప్పటిదాక నువ్వు చూసుకో" అంది. రమ నా చెల్లెలు. డాక్టరు. ఐర్లాండులో చిన్న డాక్టర్లని ఆరు నెలలకో ఆస్పత్రికి తిప్పుతారు. ఏళ్ళ తరబడి పెట్టె సర్దుకుంటూ తిరిగి చివరికి స్లైగోలో నిలకడైన ఉద్యోగం సంపాదించి ఇల్లు కొంది. "అమ్మ లక్ష్మి వస్తేనే గృహప్రవేశం. అప్పటిదాక పాలు పొంగియ్య" అని ఫోన్లో తేల్చి చెప్పింది.

నిజం చెప్పాలంటే నాకు ఇవ్వబుద్ధి కాలేదు. ఇన్నేళ్ళు ప్రతి శుక్రవారం బొట్టుపెట్టింది నేను. కానీ అమ్మ మాట. టికెట్ కొన్నాను. మావారు చలికి భయపడి రానన్నారు. మిర్యాలగూడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఉద్యోగమంతా ఒకే కుర్చీలో కూర్చున్నందుకో ఏమో, మానేశాక నాకు ఒక్కచోట కూర్చోవడం చేతకావడం లేదు. ఒక్కదాన్నే బయల్దేరాను.

డబ్లిన్‌లో దిగాక

విమానాశ్రయంలో ఎర్రమొహం ఆఫీసరు ఒకడు నా చేతిసంచీ విప్పించాడు. పట్టు జాకెట్టు ముక్కలో చుట్టిన పీట చూసి ఇదేమిటన్నాడు. "గాడ్" అన్నాను. "గ్రాండ్" అని మళ్ళీ చుట్టి, రెండు చేతులతో అందించాడు. అక్కడ అన్నిటికీ గ్రాండే. వాన పడుతోందంటే గ్రాండ్, బస్సు రాలేదంటే గ్రాండ్. మనం "సరేలే" అన్నట్టు.

మా బావగారి కొడుకు శ్రీకాంత్ కారుతో వచ్చాడు. దారి పొడుగునా క్రేన్లే. అప్పుడక్కడ డబ్బు పొంగుతున్న రోజులు. రేడియోలో ఇళ్ళ ధరలు, పెట్రోలు బంకులో ఇళ్ళ ధరలు. టీ తాగుదామని ఆగితే నేను రూపాయల్లోకి మార్చి చూసుకున్నాను. ఆ డబ్బుకి మా ఊళ్ళో ఇంటిల్లిపాదీ టిఫిన్ చేసి రావచ్చు. పైగా టీలో చక్కెర మనమే వేసుకోవాలి.

లీక్స్‌లిప్

శ్రీకాంత్ ఉండేది లీక్స్‌లిప్‌లో. ఊరి చివర చిప్పులు తయారుచేసే పెద్ద ఫ్యాక్టరీలో ఇంజనీరు. భార్య లావణ్యది తెనాలి. కూతురు మేఘనకి తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఆ దేశపు యాసలో ఇంగ్లీషే.

"చిన్నత్తమ్మగారూ, అమ్మవారిని కిచెన్ ప్రెస్‌లో పెట్టేయండి. మా దేవుళ్ళూ అందులోనే ఉన్నారు" అంది లావణ్య. అక్కడ అల్మారాని ప్రెస్ అంటారు. తీసి చూస్తే దేవుళ్ళ పక్క అరలో కోడిగుడ్లు. నాకు మనసొప్పలేదు. వచ్చిన దగ్గర్నుంచి ఇల్లంతా మెట్లెక్కి దిగి వెతికాను. పైన స్నానాలగది పక్కన ఒక చిన్న తలుపు కనిపించింది. తీస్తే లోపల ఉతికి మడతపెట్టిన తువ్వాళ్ళు, గర్భగుడిలో లాంటి వెచ్చదనం, మధ్యలో మనిషంత రాగి డ్రమ్ము. రాగి. అంతకన్నా శుద్ధమైన చోటు ఏముంటుంది? రాగి మూతమీద పట్టుగుడ్డ పరిచి, లక్ష్మిని కూర్చోబెట్టి, దణ్ణం పెట్టుకుని తలుపేశాను. ఆ పూట హాయిగా నిద్రపట్టింది.

పొద్దున తువ్వాలు కోసం వెళ్ళిన మేఘన మెట్లమీంచి కేకేసింది. "నానమ్మా, దేర్ ఈజ్ ఎ మ్యాన్ అండర్ యువర్ గాడెస్."

దాన్ని హాట్ ప్రెస్ అంటారట. నీళ్ళు కాగే డ్రమ్ము అది. రాత్రి లావణ్య నీళ్ళ స్విచ్చి ఆపడం మర్చిపోయింది. లక్క మెత్తబడి, పీట వాలి, బిళ్ళ ఊడి పట్టుగుడ్డమీద తిరగబడి ఉంది. పైకి కనిపిస్తున్నది మా లక్ష్మి కాదు. ఒక మగవాడి తల. పదునైన ముక్కు, బిగించిన పెదాలు, జుట్టులో ఆకుల దండ, చుట్టూ ఏవో అక్షరాలు. నిన్న అచ్చు వేసినంత కొత్తగా ఉన్నాడు.

లావణ్య ఏడుపు మొహం పెట్టింది. "తప్పు నాదే అత్తమ్మగారూ, ఇమ్మర్షన్ ఆపాల్సింది."

"దేవతని తీసుకుపోయి బాయిలర్ మీద కూసోబెట్టింది నేను. నువ్వెందుకు ఏడుస్తవ్" అన్నాను. శ్రీకాంత్ బిళ్ళని వెలుగులో తిప్పి చూశాడు. "చిన్నమ్మా, ఇది ఏదో పాత రాజు కాయిన్. రోమన్‌ది లెక్క ఉంది" అన్నాడు. మరి లక్ష్మి? రమకి ఫోన్ చేయొద్దని అందరిచేతా ఒట్టు వేయించుకున్నాను.

అత్లోన్

రమ డ్యూటీ ముగించుకుని కారులో దేశం నడుమ ఉన్న అత్లోన్ దాకా వచ్చి నన్ను తీసుకెళ్ళాలని ముందే అనుకున్నాం. రెండు రోజులు ముందుగానే రైలెక్కేశాను. లీక్స్‌లిప్‌లో ఆ హాట్ ప్రెస్ తలుపు చూస్తూ ఉండలేకపోయాను. రైలు కిటికీలోంచి గొర్రెలు, తడి పచ్చిక, మళ్ళీ గొర్రెలు. మన గొర్రెలకి కాపరి ఉంటాడు. అక్కడ వాటి వీపున నీలం రంగు పూసి వదిలేస్తారు. ఎదుటి సీటావిడ తన మోకాలి ఆపరేషన్ మొత్తం చెప్పింది. నేను ఊకొడుతూ సంచీలో చెయ్యిపెట్టి బిళ్ళ ఉందో లేదో తడుముకుంటూనే ఉన్నాను.

దిగింది మిసెస్ నోలన్ అనే పెద్దావిడ ఇంట్లో. గదీ, పొద్దున ఫలహారమూ ఇచ్చే ఇల్లు. ఆ ఫలహారం సంగతి చెప్పాలి. మాంసం తినేవాళ్ళకి పండగే. నేను శాకాహారినన్నానని పాపం ఆవిడ కంగారుపడి, వేయించిన టమాటాలు, పుట్టగొడుగులు, చిక్కుడుగింజలు, నాలుగైదు రకాల రొట్టె పెట్టింది. కారం ఒక్కటీ లేదు. సంచీలోంచి గోంగూర పచ్చడి తీశాను. ఆవిడ చెంచా కొసన రుచి చూసి, చాలాసేపు కిటికీవైపు చూస్తూ నిలబడి, "లవ్లీ" అంది.

లక్క ఉంది, బిళ్ళ ఉంది, పీట ఉంది. మళ్ళీ అతికిస్తే ఎవరికి తెలుస్తుంది? రమకి చెప్పకపోతే సరి. మధ్యాహ్నం బజారుకెళ్ళి కొవ్వొత్తి కొనుక్కొచ్చి గది తలుపేసుకున్నాను. లక్క కాచడం మొదలుపెట్టగానే నల్లపొగ లేచింది. పైకప్పులో ఏదో గుండ్రటి డబ్బా కీచుమని అరవసాగింది. మిసెస్ నోలన్ తువ్వాలు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. మంచం మీద వార్తాపత్రిక, దానిమీద కొవ్వొత్తి, పొగచూరిన పీట, మధ్యలో నేను.

నాకు దుఃఖం ఆగలేదు. వచ్చిన ఇంగ్లీషులో మొత్తం చెప్పేశాను. అమ్మ, రమ, హాట్ ప్రెస్, రాజు. ఊడిపోయిన దేవతని మా వైపు ఇంట్లో ఉంచుకోరని, నదిలో కలిపేస్తారని కూడా చెప్పాను.

ఆవిడ తువ్వాలుతో పొగ విసురుతూ విన్నది. తర్వాత నన్ను కిందికి తీసుకెళ్ళి హాల్లో ఒక బొమ్మ చూపించింది. ఎర్ర అంగీ, కిరీటం, చేతిలో గోళం పట్టుకున్న బాలయేసు. మెడ చుట్టూ జిగురు మరక. పెళ్ళి ముందురోజు వాన రాకూడదని ఆ బొమ్మని తోటలో పెడతారట. "మా అమ్మ ఇచ్చింది. తల ఊడిపోయింది. తల ఊడిందే ఎక్కువ మంచి చేస్తుందంటారు మాలో. కాకపోతే కావాలని ఊడగొట్టకూడదు" అంది. నావైపు తిరిగి, "నువ్వు కావాలని చేశావా?"

"లేదు."

"మరింకేం. గ్రాండ్."

ఊరికి ఊరు, దేశానికి దేశం ఇలా ఎలా తారుమారవుతాయో. మనం నదిలో కలిపేదాన్ని వాళ్ళు జిగురేసి హాల్లో పెట్టుకుంటున్నారు. నాకు ధైర్యం రాలేదు గానీ కాస్త ఊపిరి ఆడింది.

మాస్టారు

సాయంత్రం టీకి ఆవిడ అన్నగారు వచ్చారు. బడిలో లాటిను చెప్పి రిటైరైన మాస్టారు. బిళ్ళ చూడగానే జేబులోంచి భూతద్దం తీసి దీపం దగ్గరికి జరిగారు. రాజు పేరు చెప్పారు గానీ నా నోటికి తిరగలేదు. సీజరు అనుకుందాం. యేసు కాలంలో రోముని ఏలినవాడు. ఆ కాలంలో మిరియాలకీ సన్నబట్టలకీ ఓడలమీద ఇలాంటి వెండి మన దేశానికి దండిగా వచ్చేదట.

"చుట్టూ ఏం రాశారు?" అన్నాను.

"నేను దేవుడి కొడుకుని అని. చచ్చిపోయిన పెంపుడు తండ్రిని దేవుడిగా ప్రకటించుకున్నారు, ఇక ఇతను దేవుడి కొడుకయ్యాడు. నాణెం వెయ్యడం ఎందుకనుకున్నారు? ఆ కాలంలో పేపర్లు లేవు. తన మొహం, తన గొప్ప ప్రతి సంతలోకీ వెళ్ళాలంటే ఇదే దారి."

మా గోడలమీద ఎలక్షన్ల పోస్టర్లు గుర్తొచ్చాయి. అక్కడా ముందు తండ్రి ఫోటో, పక్కన కొడుకు.

బిళ్ళ తిప్పాను. "మరి ఈమె?"

ఆయన చాలాసేపు చూశారు. "బాగా అరిగిపోయింది. శాంతి దేవత అంటారు కొందరు. అతని తల్లే దేవతలా కూర్చుందంటారు చాలామంది. ఖాయంగా ఎవరూ చెప్పలేరు" అన్నారు. తర్వాత భూతద్దం మడిచి చెల్లెలితో, "చూశావా బ్రిజిడ్, రోము సైన్యం ఇంగ్లండు దాకా వచ్చింది గానీ సముద్రం దాటి మనమీదికి రాలేదు. ఇన్ని వందల ఏళ్ళు ఆపాం. ఈవిడ చేతిసంచీలో పెట్టి తీసుకొచ్చేసింది" అన్నారు. ఇద్దరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను, నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాను.

మర్నాడు షానన్ నది వంతెన మీద చాలాసేపు అటూ ఇటూ నడిచాను. కృష్ణలా ఇసుక, రాళ్ళు కనిపించవు. నిండుగా, నల్లగా, చప్పుడు లేకుండా పోతుంది. చేతిలో బిళ్ళ ఉంది. వదిలేస్తే అందరం రోమ్ పీడ వదిలించుకున్నట్టు. వదలకుండా ఇంటికి తీసుకెళ్ళిపోతే మళ్ళీ నాదే. పోయిందని రమకి అబద్ధం చెప్పొచ్చు. ఆ పాడు ఆలోచన కూడా వచ్చింది, దాచను. వాన మొదలైంది. తడుస్తూ వెనక్కి వచ్చాను.

కొండమీద ఇనప గుర్రం

రమ వచ్చింది. చిక్కిపోయింది. కళ్ళకింద నలుపు, మొహంలో మాత్రం చిన్నప్పటి ఆరాటం. కారెక్కగానే అడిగిన మొదటి మాట, "లక్ష్మి ఏది?"

"సంచీల ఉంది. ఇంటికి పోయినంక చూద్దువు గానీ" అన్నాను.

స్లైగో దారంతా అది మాట్లాడింది, నేను వినలేదు. ప్రెస్ ఒకటి ఖాళీ చేసి పసుపుగుడ్డ వేసిందట. అమ్మ పెట్టినట్టే పళ్ళెంలో బియ్యం పోసి ఉంచిందట. "ఆరు నెలలకోపారి ఇల్లు మారంగ, ఏ ఇంట్ల కూడా దేవుడిగూడు పెట్టుకోలే అక్కా. ఎట్లాగూ పోవాల్నాయె. ఇగ ఇది నా ఇల్లు."

బాయిల్ అనే ఊరు దాటాక ఎత్తయిన మలుపులో కారు ఆపింది. కొండమీద ఇనప గుర్రం, దానిమీద ఇనప సర్దారు. ఇంగ్లీషు రాణి సైన్యాన్ని ఇక్కడ ఓడించారట. కింద సరస్సు మెరుస్తోంది. గాలి చీరెని లాగి పారేస్తోంది.

"ఏమైందక్కా? పొద్దటి సంది సప్పుడు జేస్తలేవు. నువ్వు నోరుమూసుకున్నవంటే ఏదో అయినట్టే."

ఇక ఆగలేక సంచీ తీశాను. ఒక చేతిలో పీట, ఒక చేతిలో బిళ్ళ. జరిగింది చెప్పాను. మాస్టారు చెప్పిందీ చెప్పాను.

రమ బిళ్ళ తీసుకుని రాజు మొహం చూసింది. "అంటే అమ్మ ఇన్నేండ్లు ఎవనికి మొక్కిందక్కా?" అంది. బిళ్ళని జేబులో వేసుకుని కారు నడిపింది. స్లైగో చేరాక ఇంటి తాళం తీసి, నన్ను లోపల కూర్చోబెట్టి, టీ పెట్టిచ్చి డ్యూటీకి వెళ్ళిపోయింది.

ఆ ఇంట్లో ఒక్కదాన్నే ఎన్నిసార్లు మెట్లెక్కి దిగానో. పసుపుగుడ్డ వేసిన ప్రెస్ తలుపు తీసి చూశాను. బియ్యం పోసిన పళ్ళెం, మధ్యలో చిన్న గుంట చేసి ఉంచింది. చూడలేక తలుపేశాను.

స్లైగో

గృహప్రవేశం శుక్రవారం పొద్దున. పురోహితుడు లేడు, క్యాసెట్టే పురోహితుడు. ఆస్పత్రిలో పనిచేసే మనవాళ్ళు నాలుగు కుటుంబాలు, పక్కింటి నర్సు ఓనా వచ్చారు. ఓనా ఆపిల్ పై తెచ్చింది. చెప్పులు గుమ్మం బయట విడవాలంటే, వాన పడుతోందని చెప్పి తన బూట్లని సంచీలో పెట్టుకుని చంకలో ఇరికించుకుంది. నేను వంటింట్లో గిన్నెలు సర్దిందే సర్దుతున్నాను. పూజ జరుగుతుందో లేదో నాకు తెలీదు. రమ డ్యూటీ నుంచి వచ్చి సరాసరి స్నానానికి వెళ్ళింది.

తలస్నానం చేసి అమ్మ నేతచీర కట్టుకుని దిగింది. చెయ్యి పట్టుకుని నన్ను ప్రెస్ దగ్గరికి తీసుకెళ్ళింది.

"డ్యూటీల ఖాళీ దొరికినప్పుడల్లా తీసి చూసిన అక్కా. ఈ రాజు మొహం జూడు. ముక్కుమీద గీత సుత పోలే. ఎందుకు? ఎవ్వరు ముట్టలే. ఈమెని జూడు." తిప్పింది. "మనిషే మిగల్లే. నీ ఉంగరపు వేలియ్యి."

నా వేలు పట్టుకుని బిళ్ళమీద పెట్టింది. బొట్టుపెట్టే వేలు. ఆ ఆడమనిషి మొహం ఉండాల్సిన చోట చిన్న పల్లం. వేలు అందులో సరిగ్గా కూర్చుంది. ఇన్నేళ్ళు అక్కడే బొట్టుపెట్టాను, ఆ పల్లం సంగతి ఒక్కసారీ తోచలేదు.

"ఇది రోమోళ్ళు జేసింది గాదు. అమ్మ జేసింది, అమ్మమ్మ జేసింది, నువ్వు జేసినవ్. ముందుగాల ఈమె ఎవరైతేంది?"

దాని భుజంమీద తలపెట్టి ఏడ్చాను. అది కూడా ఏడ్చింది. ఓనా ఏం చెయ్యాలో తోచక బూట్ల సంచీ కింద పెట్టి మా ఇద్దరి వీపులూ నిమిరింది.

రమ బిళ్ళని బియ్యం మధ్య గుంటలో పెట్టింది. ఆమె పైకి, రాజు కిందికి. పసుపు, కుంకుమ, అక్షింతలు. పాలు పొంగి పొయ్యిమీద పారాయి, మాడు వాసన ఇల్లంతా నిండింది, అందరూ చప్పట్లు కొట్టారు. దేవుడి కొడుకునని ఊరూరా చాటించుకున్న ఆ మహానుభావుడు మా ఇంట్లో ఎప్పుడూ ఉన్నట్టే బియ్యంలో మొహం పెట్టుకుని బోర్లా పడుకున్నాడు.

"మళ్ళ లక్క పోయిద్దామా?" అన్నాను, దణ్ణాలయ్యాక.

"వద్దు. ఇట్లనే ఉండనియ్యి. పీట నువ్వు తీస్కపో. ఒట్టిచేతుల్తోని పోతవా?" అంది.

ఇంటికొచ్చాక

కాబట్టి ఏం తెచ్చావని అడిగినవాళ్ళందరికీ ఆ పీటే చూపిస్తున్నాను. వెండి అంచు, మధ్యలో నల్లబడ్డ లక్క, దాంట్లో బిళ్ళ ఉండిన గుండ్రటి చోటు. వీధిలో వాళ్ళు పెదవి విరిచి, చాక్లెట్లు లేవా అంటున్నారు. చాక్లెట్లు కూడా తెచ్చాను, ఇచ్చాను.

రమ ప్రతి శుక్రవారం పూజయ్యాక ఫోన్ చేస్తుంది. బొట్టుపెట్టానక్కా అని చెబుతుంది. మంచిదంటాను. ఫోన్ పెట్టేసి నా దేవుడి గూడు ముందు నిలబడతాను. అలవాటు కొద్దీ ఉంగరపు వేలు కుంకుమలో ముంచుతాను. పీటవైపు చెయ్యి వెళ్తుంది, అక్కడెవరూ లేరని గుర్తొస్తుంది. వేలికంటిన కుంకుమని ఏం చెయ్యాలో తెలీక కాసేపు నిలబడి, నా నుదుటనే పెట్టుకుని వంటింట్లోకి వెళ్తున్నాను.